గాల్లో బటన్ నొక్కితే చేతికి తెలియాలి: అల్ట్రాసౌండ్ స్పర్శను కట్టడం, పరీక్షించడం ఎలా?

స్పర్శరేఖ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గచ్చిబౌలి వైపు ఒక ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నాను. ఆస్పత్రి లిఫ్టులో బటన్ ముట్టుకోకుండా, ప్యానెల్ ముందు చెయ్యి చాపి అంతస్తు ఎంచుకునేలా చేయాలన్నది పని. ఎంపిక అయిందన్న సంగతి అరచేతికి గాల్లోనే తెలియాలి. అల్ట్రాసౌండ్ (చెవికి వినిపించని శబ్దం) పుట్టించే 40 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్లు, అంటే చిన్న స్పీకర్ల లాంటివి, 256, పదహారు వరుసల్లో పదహారేసి. ఒక్కొక్కటి ఏ క్షణాన కంపించాలన్న లెక్క, అంటే ఫేజులన్నీ, ఎఫ్‌పీజీఏ అనే చిప్ చూసుకుంటుంది. చెయ్యి ఎక్కడుందో కెమెరా చెబుతుంది. అలలన్నీ కలిసే చోటు, అంటే ఫోకస్, 20 సెంటీమీటర్ల ఎత్తులో పడుతోంది, చెయ్యి పెడితే తగులుతోంది కూడా.

చిక్కంతా ఇక్కడి నుంచే. ఫోకస్‌ని ఒకచోటే నిలిపి ఆపుతూ వదులుతూ ఉండాలా, చిన్న వలయంలా తిప్పాలా? మన ఎండలకి, సీలింగ్ ఫ్యాన్లకి ఇది నిలబడుతుందా? అన్నిటికంటే పెద్ద సందేహం పరీక్ష గురించి. క్యాంపస్ పిల్లల్ని పిలిచి, చెయ్యి పెట్టించి, "ఎలా ఉంది, 1 నుంచి 5 లోపు మార్కులెయ్యండి" అని ఫారం ఇస్తే చాలంటున్నారు కొందరు. నాకు మనసొప్పడం లేదు. అనుభవమున్నవాళ్లు చెప్పండి.

ఇరానీచాయ్ | సోమవారం, రాత్రి 9:58

ఒక్క నిమిషం. చెవికి వినిపించని శబ్దం చేతికెలా తగులుతుంది? నిమజ్జనం రోజు డీజే బండి పక్కన నిలబడితే గుండె అదురుతుంది, అలాంటిదేనా?

తరంగయ్య | సోమవారం, రాత్రి 11:15

తేడా ఉందండీ. డీజేలో తక్కువ ఫ్రీక్వెన్సీ అలలు నేరుగా ఒంటిని ఊపుతాయి. ఇక్కడ సెకనుకు 40 వేల కంపనాలు. వాటిని చర్మం పసిగట్టలేదు. అరచేతి లోపల లోతుగా ఉండే పాసీనియన్ గ్రాహకాలు 200 నుంచి 250 హెర్ట్జ్ దగ్గర చురుగ్గా ఉంటాయి, వెయ్యి దాటితే మొద్దుబారినట్టే.

చేతికి తగిలేది రేడియేషన్ ఒత్తిడి. ధ్వని విషయంలో గాలికీ చర్మానికీ పొత్తు కుదరదు, ఇంపీడెన్స్‌లో (ధ్వనిని అడ్డుకునే గుణంలో) వేల రెట్ల తేడా. అందుకే చర్మాన్ని తాకిన అల్ట్రాసౌండ్‌లో 99.9 శాతం వెనక్కి మళ్లిపోతుంది. మళ్లేటప్పుడు చర్మాన్ని ఒక్క దిక్కుకే కొద్దిగా నెడుతుంది. ఆ తోపుడుని సెకనుకు 200 సార్లు ఆపి వదిలితే గ్రాహకాలకు అందుతుంది.

తోపుడెంతో లెక్క వేద్దాం. ఫోకస్ దగ్గర 160 డెసిబెళ్లు అనుకుంటే ధ్వని పీడనం 2000 పాస్కళ్లు. దాని వర్గానికి రెట్టింపు తీసుకుని, గాలి సాంద్రతతోనూ ధ్వని వేగం వర్గంతోనూ భాగిస్తే సుమారు 57 పాస్కళ్లొస్తుంది. చదరపు సెంటీమీటరు మీద అర గ్రాము బరువుకు కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి "గాల్లో గట్టి బటన్" అని ఎవరైనా అంటే నమ్మకండి. గట్టిదనం ఉండదు, జిల్లుమనే గుర్తు మాత్రమే ఉంటుంది.

చరిత్ర కూడా రెండు ముక్కల్లో. 2008లో టోక్యో విశ్వవిద్యాలయంలో ఇవమోటో, తతెజోనో, షినోడా ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. 2010లో అదే బృందం 324 ట్రాన్స్‌డ్యూసర్లతో 16 మిల్లీన్యూటన్ల బలం చూపింది. 2013లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో శ్రీరామ్ సుబ్రమణియన్ ఉన్న బృందం ఒకేసారి పలుచోట్ల వేర్వేరు ఫోకస్‌లు నిలిపింది. అక్కడ పుట్టిన అల్ట్రాహాప్టిక్స్ కంపెనీ 2019లో చేతి కదలికలు పసిగట్టే పరికరాలు చేసే లీప్ మోషన్‌ని కలుపుకుని అల్ట్రాలీప్ అయింది.

కోఠి సోల్డర్ | మంగళవారం, ఉదయం 7:20

అక్కా, ఫోకస్ బలం కొలిసినవా? మంచి మైక్ లేకుంటే పరేషాన్ గాకు. జనరల్ బజార్ల బంగారం తూకమేసే డిజిటల్ కాటా ఉంటది సూడు, 0.01 గ్రాము దాకా సూపెట్టేది, గదొకటి తెచ్చుకో. పళ్లెం మీద ఫోకస్ కొట్టు. తరంగయ్య సారు చెప్పిన 16 మిల్లీన్యూటన్లంటే కాటా మీద 1.6 గ్రాములు. మాడ్యులేషన్, గదే ఆపి వదులుడు, బంద్ వెట్టి ఒక్క తీరుగ ఇయ్యి, లేకుంటే అంకె ఆగది.

ఒక్కటి యాదుంచుకో. కాటా చెప్పేది మొత్తం తోపుడు. పళ్లెం ఫోకస్ కన్నా పెద్దది గదా, పక్కల వడ్డది గూడ కలిపి లెక్కేస్తది. ఫోకస్ ఎంత సన్నగుందో తెల్వాలంటే లోతు లేని పళ్లెంల కొద్దిగ నూనె పోసి పైన పట్టు, సొట్ట కండ్లకే కనవడ్తది. బ్రిస్టలోళ్లు 2014ల గాల్లో ఆకారాలు నూనె మీదనే సూపెట్టిన్రు.

మెహదీపట్నం_ఈఈఈ | మంగళవారం, ఉదయం 8:05

ఎండాకాలం సంగతి ఎవరూ ఎత్తలేదు. 20 డిగ్రీల దగ్గర లెక్కేసిన ఫేజులు మే నెలలో 40 డిగ్రీలకి ఎలా పనికొస్తాయి? ధ్వని వేగమే మారిపోతుంది. ఫోకస్ ఎక్కడికో పోతుంది. ఫ్యాన్ గాలికి ఇంకా కొట్టుకుపోతుంది. ఇది జపాన్ ల్యాబుల్లో పనిచేసే వస్తువు, మన దగ్గర కాదు.

తరంగయ్య | మంగళవారం, ఉదయం 10:30

ఆ అనుమానం సహజమే, కానీ లెక్క వేస్తే భయపడాల్సింది లేదండీ. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, 40 దగ్గర 355. అల పొడవు 8.6 మిల్లీమీటర్ల నుంచి 8.9కి పెరుగుతుంది. మూలనున్న ట్రాన్స్‌డ్యూసర్ నుంచి ఫోకస్‌కి దూరం 226 మిల్లీమీటర్లు, నడిమి దాని నుంచి 200. తేడా 26, అంటే సుమారు మూడు అలలు. వేడికి ఆ మూడింటిలో మారేది ఒక అలలో పదో వంతు. ఫోకస్ ఓ 7 మిల్లీమీటర్లు ప్యానెల్ వైపు జరుగుతుంది. ఫోకస్ నిలువునా కొన్ని సెంటీమీటర్ల పొడవుంటుంది కనుక చేతికి ఆ తేడా తెలియదు. అయినా నమ్మకం కుదరకపోతే చవకైన థర్మిస్టర్ (వేడిని పసిగట్టే చిన్న ముక్క) పెట్టి ఫేజులు సరిదిద్దుకోవచ్చు.

ఫ్యాన్ లెక్క ఇంకా సులువు. 20 సెంటీమీటర్లు దాటడానికి ధ్వనికి అర మిల్లీసెకను కంటే కాస్త ఎక్కువ పడుతుంది. సెకనుకు 2 మీటర్ల అడ్డగాలి ఆ వ్యవధిలో దాన్ని జరిపేది ఒక మిల్లీమీటరు పైచిలుకు. నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే రెండున్నాయి. ఈ ట్రాన్స్‌డ్యూసర్లు ఇరుకు బ్యాండ్‌వి, అంటే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే బాగా పలుకుతాయి. నడిపేకొద్దీ వేడెక్కి ఆ ఫ్రీక్వెన్సీ (రెజొనెన్స్) జారుతుంది, బలం తగ్గుతుంది. రెండోది, ఫ్యాన్ గాలి నేరుగా అరచేతికి తగిలి ఆ అర గ్రాము గుర్తుని మింగేస్తుంది. అది చేతి సమస్య, తరంగాలది కాదు.

మెహదీపట్నం_ఈఈఈ | మంగళవారం, ఉదయం 10:52

ఫ్యాన్ సంగతి ఒప్పుకుంటున్నా. రెజొనెన్స్ జారడం మాత్రం నేనన్న వేడే కదా సార్!

సగటు_విచలనం | మంగళవారం, మధ్యాహ్నం 2:10

పరీక్ష గురించి నేను చెబుతాను, నా పొట్టకూటి విద్య అదే.

స్పర్శరేఖ గారూ, ఆ 1 నుంచి 5 ఫారం వద్దనడం లేదు. ముందు అది పెట్టవద్దంటున్నాను. కొత్త వస్తువు కనిపిస్తే మనవాళ్లు నాలుగో అయిదో వేస్తారు, ఎదురుగా చెమటోడ్చిన అమ్మాయి నిలబడి ఉంటే మరీను. ఆ మార్కు మీ గురించి చెబుతుంది, మీ పరికరం గురించి కాదు.

మొదట తేల్చుకోవాల్సింది, చెయ్యి పసిగడుతున్నది స్పర్శనేనా? మీ పరికరం నుంచి ఇంకో మూడు ఆధారాలు అందుతున్నాయి. 200 హెర్ట్జ్ మాడ్యులేషన్ చేసినప్పుడు జుయ్యిమనే సన్నని మోత వస్తుంది, గాలే దాన్ని వినిపించే శబ్దంగా మార్చేస్తుంది. ఫోకస్ దగ్గర చిన్న గాలి ప్రవాహం కూడా పుడుతుంది. మూడోది, తెర మీద అంకె వెలగడం. ఈ మూడింట్లో ఏ ఒక్కటి అందినా మనిషి "తెలిసింది" అంటాడు.

అందుకని ఉత్తుత్తి షరతు, అంటే స్పర్శ తప్ప మిగతావన్నీ ఉండే పోలిక, ఒకటి తప్పనిసరి. అరే, అంటే ట్రాన్స్‌డ్యూసర్ల పలక, పూర్తిగా ఆపేయడం కాదు, అప్పుడు మోత కూడా ఆగి గుట్టు బయటపడుతుంది. అదే మాడ్యులేషన్‌తో నడుస్తూనే ఫోకస్‌ని చేతికి పది సెంటీమీటర్ల పక్కకి వెయ్యండి. మోత ఉంటుంది, స్పర్శ ఉండదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి వైట్ నాయిస్ (ఒకే తీరు హోరు) వినిపించండి, చెయ్యి కనపడకుండా అట్టపెట్టె అడ్డం పెట్టండి. ఇంత చేశాక కూడా మనిషి తేడా పట్టగలిగితే, అది స్పర్శ.

అంకెలు ఎలా చదవాలంటే, నాలుగు అంతస్తుల్లో ఏది తగిలిందో చెప్పమన్నారనుకోండి. కళ్లు మూసుకుని ఊహించినా నూటికి 25 సరిపోతాయి. ఒకే మనిషికి 20 సార్లిస్తే 5 ఊరికే వస్తాయి. 8 వస్తే సంబరపడొద్దు, ఉత్త ఊహకే పదిలో ఒక వంతు అవకాశం ఉంది. 9 వస్తే ఆ అవకాశం 4 శాతానికి దిగుతుంది. మొత్తం సగటు ఒక్కటే చెప్పి వదిలేయకుండా ఏది దేనితో తికమక పడుతోందో పట్టిక వేయండి. 2, 3 అంతస్తులే కలిసిపోతూ ఉంటే దిద్దాల్సింది వాటి మధ్య ఎడం, మాడ్యులేషన్ కాదు.

కనీసం ఎంత బలం కావాలో తెలియాలంటే మెట్ల పద్ధతి వాడండి. వరసగా రెండు సరైన జవాబులకి బలం ఒక మెట్టు తగ్గించాలి, ఒక్క తప్పుకి ఒక మెట్టు పెంచాలి. ఇది 70.7 శాతం సరైన జవాబులొచ్చే స్థాయి దగ్గర కుదురుకుంటుంది. 1971లో లెవిట్ చూపించిన సంగతే, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇంకొకటి. పాల్గొనేవాళ్లంతా ఇరవై ఏళ్ల బీటెక్ పిల్లలైతే ఆస్పత్రి గురించి మీరేమీ చెప్పలేరు. వయసుతో పాసీనియన్ చురుకు తగ్గుతుంది. ఏసీకి చెయ్యి చల్లబడినా తగ్గుతుంది, చర్మం ఉష్ణోగ్రత కూడా రాసుకోండి.

యూఎక్స్_కూకట్‌పల్లి | మంగళవారం, సాయంత్రం 6:30

గురువుగారూ, మీరు చెప్పింది ల్యాబ్ పేపర్‌కి బాగానే ఉంటుంది. కానీ అట్టపెట్టెలో చెయ్యి పెట్టి, చెవుల్లో నాయిస్ వింటూ లిఫ్ట్ ఎక్కేదెవరు? లిఫ్టులో మోత, వెలుగు, స్పర్శ అన్నీ కలిసే వస్తాయి. మనిషి సరైన అంతస్తుకి చేరాడా, ఎన్ని సెకన్లు పట్టింది, తప్పు అంతస్తు ఎన్నిసార్లు పడింది, చూడాల్సింది ఇవి. 2018లో హారింగ్టన్ బృందం ఈ గాల్లో స్పర్శని కారు సిమ్యులేటర్‌లో పరీక్షించినప్పుడు చూసింది కూడా చూపు రోడ్డు మీద నుంచి ఎంతసేపు తప్పుతోందనే.

సగటు_విచలనం | మంగళవారం, సాయంత్రం 7:05

సరే, అవన్నీ కొలవండి. స్పర్శ ఉన్నప్పుడూ లేనప్పుడూ కొలవండి, వెలుగు రెండుసార్లూ ఉండనివ్వండి. రెండుసార్లూ ఒకే సమయం పడితే ఆ 256 ట్రాన్స్‌డ్యూసర్ల ఖర్చు దేనికి? ఎల్‌ఈడీ చాలు. మీ ప్రశ్నకీ నా ప్రశ్నకీ కావలసింది అదే ఉత్తుత్తి షరతు.

యూఎక్స్_కూకట్‌పల్లి | మంగళవారం, సాయంత్రం 7:12

అక్కడ మాత్రం మీతో ఏకీభవిస్తాను. అట్టపెట్టెతో కాదు.

నైట్‌డ్యూటీ | బుధవారం, తెల్లవారుజాము 4:25

వార్డులో కాస్త ఖాళీ దొరికి చదివాను. నేను స్టాఫ్ నర్సుని. మా లిఫ్టులో అరచెయ్యి ఖాళీగా ఉండేది ఎవరికండీ? ఒక చేత్తో స్ట్రెచర్, ఇంకో చేతిలో ట్రే. బటన్ నొక్కేది మోచేత్తో, లేకపోతే వేలి కణుపుతో. పైగా గ్లవ్స్. మోచేతికి ఇది తెలుస్తుందా?

స్పర్శరేఖ | బుధవారం, ఉదయం 9:15

అక్కా, ఇది మాకెవరికీ తట్టని ప్రశ్న. మోచేతికి దాదాపు తెలియదు. ఆ గ్రాహకాలు దట్టంగా ఉండేది అరచేతిలో, వేళ్ల లోపలి వైపున. చేతికి అంటుకుని ఉండే పల్చని గ్లవ్ అయితే ఒత్తిడి దాని మీద పడి చర్మానికి చేరుతుంది, వదులుగా ముడతలుంటే కష్టం. మీలాంటివాళ్లు అసలు ఏ భాగంతో నొక్కుతున్నారో ముందు ఒక రోజు లిఫ్ట్ దగ్గర కూర్చుని చూస్తాను, ఆస్పత్రివాళ్ల అనుమతి తీసుకునే.

ఆరుచుక్కలు | బుధవారం, ఉదయం 11:40

నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో ఈ చర్చంతా విన్నాను. అంతా "స్పర్శ" అంటున్నారు కాబట్టి స్పర్శతోనే బతికేవాడిగా మాట్లాడతాను.

లిఫ్ట్ బటన్ మీద ఉబ్బెత్తు అంకె, పక్కన బ్రెయిలీ ఉంటాయి. వేలితో గోడ తడుముకుంటూ వెళ్తే దొరుకుతాయి. మీ ప్యానెల్ ముందు గాల్లో ఏముందో, ఎంత ఎత్తులో ఉందో నాకెలా దొరుకుతుంది? ఫోకస్ ఒక సెంటీమీటరు వెడల్పు. గాల్లో దాన్ని వెతుకుతూ నేను చెయ్యి ఊపుతుంటే పక్కనున్నవాళ్లు దోమలు తోలుతున్నానేమో అనుకుంటారు.

అల్ట్రాసౌండ్‌తో బ్రెయిలీ చుక్కలు గాల్లో చూపించే ప్రయత్నం 2020లో హాప్టిరీడ్ పేరుతో జరిగింది. చుక్కలన్నీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి ఇస్తే చదవడం మెరుగైంది. సంతోషమే. కానీ అది కూర్చుని, ఓపిగ్గా చదివే పని. లిఫ్ట్ తలుపు నాకోసం ఆగదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక మేం అడిగి అడిగి పెట్టించుకున్న ఉబ్బెత్తు బటన్లని, "ముట్టుకోనక్కర్లేని కొత్త టెక్నాలజీ" పేరుతో పీకేస్తారేమోనని నా భయం. పరీక్షకి పిలిస్తే వస్తాను. ఒక షరతు, పాత బటన్లు ఉన్న ప్యానెల్‌తో కూడా పోల్చాలి.

స్పర్శరేఖ | బుధవారం, మధ్యాహ్నం 12:30

సర్, పాత బటన్లు తీసే ఆలోచన లేదు, దీన్ని వాటి పక్కన అదనంగానే చూస్తున్నాం. అయినా మీ షరతు న్యాయమైనది. పోలికలో ఉబ్బెత్తు బటన్ తప్పకుండా ఉంటుంది. చెయ్యి దొరకబుచ్చుకోవడం గురించి ఒక ఊహ ఉంది. కెమెరాకి చెయ్యి కనపడగానే ఫోకస్ తానే చేతి మధ్యకి వచ్చి వాలుతుంది. మీరు వెతకనక్కర్లేదు, అదే వెతుక్కుంటుంది. తర్వాత చెయ్యి పైకీ కిందకీ జరిపితే అంతస్తు మారినప్పుడల్లా చేతికి చిన్న కొట్టు తగులుతుంది. అంకె ఆకారం గీయను, ఎన్నోది అన్నది కొట్టులోనే తెలియాలి.

ఆరుచుక్కలు | బుధవారం, మధ్యాహ్నం 12:48

ఇది వేరే సంగతి, బావుంది. అంకెని నోటితో పలికించడం మాత్రం మర్చిపోకండి.

తరంగయ్య | బుధవారం, సాయంత్రం 4:00

ఆకారాలు వదిలేయడం మంచి నిర్ణయమమ్మా. గాల్లో వృత్తమో చతురస్రమో గీసి గుర్తుపట్టమంటే జనం తెగ తడబడతారు. 2020లో హాయాష్ బృందం ఫోకస్‌ని గీత వెంబడి నెమ్మదిగా నడిపి, మూలల దగ్గర కాస్త ఆపితే గుర్తింపు బాగా పెరిగింది. అంత వ్యవధి లిఫ్టులో మీకు లేదు.

మీ మొదటి ప్రశ్నకి ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వలేదు. ఒకచోటే నిలిపి 200 హెర్ట్జ్‌తో ఆపి వదిలితే చిన్న చోట సూటిగా తగులుతుంది. వలయంగా తిప్పితే అల్ట్రాసౌండ్ ఎప్పుడూ పూర్తి బలంతోనే ఉంటుంది, తగిలే మేర పెద్దది, మోత సాధారణంగా తక్కువ. తిప్పే వేగం సెకనుకు 5 నుంచి 8 మీటర్ల మధ్య బాగా తెలుస్తుందని 2018లో ఫ్రియర్ బృందం చూపింది, చర్మం మీద అలలు పాకే వేగం కూడా ఆ దరిదాపుల్లోనే. చుట్టుకొలత 10 సెంటీమీటర్ల వలయాన్ని సెకనుకు 70 సార్లు తిప్పితే 7 మీటర్లు. కొట్టుకి మొదటిది, "నీ చెయ్యి నాకు కనపడింది" అనడానికి రెండోది వాడి చూడండి.

ఇరానీచాయ్ | బుధవారం, రాత్రి 8:10

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో లాబ్రడార్ ఒకటి రోజూ దిగుతుంది. దానికి ఇది వినిపించదా?

తరంగయ్య | బుధవారం, రాత్రి 8:35

వినిపించే అవకాశం ఉంది! కుక్కల వినికిడి 45 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది, పిల్లులది ఇంకా పైకి. ఆస్పత్రిలో కుక్క ఉండదు కాబట్టి ఈ ప్రాజెక్టుకి పరవాలేదు, ఇళ్లలో పెట్టేముందు ఆలోచించాల్సిందే. మనుషుల విషయంలో 1984 నాటి అంతర్జాతీయ తాత్కాలిక మార్గదర్శకం 25 కిలోహెర్ట్జ్ పైన సామాన్య జనానికి 100 డెసిబెళ్ల హద్దు పెట్టింది. లిఫ్ట్ అంటే స్టీలు గోడల పెట్టె, అలలు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటాయి. ల్యాబ్ బల్ల మీద చెవి దగ్గర కొలిచిన అంకె అక్కడ చెల్లదు. నిజం లిఫ్టులో, పెద్దల చెవి ఎత్తులోనూ పిల్లల చెవి ఎత్తులోనూ కొలవాలి. దీనికి కాటా సరిపోదు, 40 కిలోహెర్ట్జ్ దాకా కొలిచే మైక్ ఎక్కడైనా అడిగి తెచ్చుకోండి. చెయ్యి లేనప్పుడు అరే ఆగిపోయేలా చూడండి, సగం చిక్కు దాంతోనే తీరుతుంది.

కోఠి సోల్డర్ | బుధవారం, రాత్రి 10:20

రెండో అరే కడ్తవేమో అని చెప్తున్న. గుజరాతీ గల్లీల దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్లు సస్తగ దొరుకుతయని గవి పీకి కట్టకు. గా ముక్కలు 16 మిల్లీమీటర్లయి, నీయి 10యి. ఎడం పెరిగితే అసలు ఫోకస్ పక్కన దొంగ ఫోకస్‌లు లేస్తయ్. 10కే ఉంటయ్, ఎందుకంటే ఎడం సగం అల దాటితే సాలు, సగం అల 4.3 మిల్లీమీటర్లే గదా. ఇగ సగటు సారు చెప్పిన ఉత్తుత్తి షరతుకి గిదే డేంజర్. ఫోకస్ పది సెంటీమీటర్లు పక్కకేస్తే దొంగది సక్కగ చేతి మీదికొచ్చి కూసుంటదేమో సూడు. ముందుగాల నూనె పళ్లెం పెట్టి తేల్చుకో.

పొలారిటీ, గదే ఏ కాలు ప్లస్ ఏది మైనస్, గూడ కాళ్ల గుర్తు సూసి నమ్మకు, స్కోప్ (అలలు సూపెట్టే యంత్రం) పెట్టి ఒక్కొక్కటి సూడు. ఉల్టా పడ్డది ఉత్తగ ఉండదు, పక్కదాని బలం గూడ తింటది.

సగటు_విచలనం | బుధవారం, రాత్రి 10:41

సోల్డర్ గారూ, దొంగ ఫోకస్ ముక్క బంగారం. ఉత్తుత్తి షరతులో నిజమైన స్పర్శ దూరితే ప్రయోగమంతా బూడిదలో పోసిన పన్నీరే.

స్పర్శరేఖ | గురువారం, ఉదయం 8:50

అందరూ చెప్పింది పెట్టుకుని పథకం తిరగరాశాను.

ముందు లిఫ్ట్ దగ్గర కూర్చుని ఎవరు ఏ చేత్తో, ఏ భాగంతో నొక్కుతున్నారో చూడటం. తర్వాత ల్యాబ్‌లో మెట్ల పద్ధతితో కనీస బలం, 20 ఏళ్లవాళ్లకీ 60 దాటినవాళ్లకీ విడివిడిగా, గ్లవ్‌తోనూ లేకుండానూ, ఫ్యాన్ ఆపి ఒకసారి, తిరుగుతుండగా ఒకసారి. ఉత్తుత్తి ఫోకస్ ఎక్కడ పడుతోందో నూనె పళ్లెంతో చూశాకే మనుషుల్ని పిలుస్తాను. చివర్లో అట్ట, చెక్కతో కట్టిన నమూనా లిఫ్టులో నాలుగు ప్యానెళ్లు: ఉబ్బెత్తు బటన్, వెలుగు మాత్రమే, వెలుగుతో ఉత్తుత్తి స్పర్శ, వెలుగుతో నిజం స్పర్శ. వరస ఒక్కొక్కరికీ మారుతుంది. కొలిచేవి సమయం, తప్పు అంతస్తు. ఆరుచుక్కలు గారి లాంటివారికి వెలుగు బదులు మాట. 1 నుంచి 5 ఫారం అన్నీ అయ్యాక, నేను గదిలో లేనప్పుడు నింపాలి.

ఎథిక్స్ కమిటీకి ఈ వారమే పంపుతున్నాను. చెవి దగ్గర కొలతలు లేకుండా వాళ్లు ఎలాగూ ఒప్పుకోరు, మైక్ వేట మొదలైంది.

సగటు_విచలనం | గురువారం, ఉదయం 9:30

బావుంది. ఒక్క సవరణ. ఫ్యాన్ ఆపడం, తిప్పడం కూడా వరస మార్చి ఇవ్వండి. అందరికీ ఆపినదే ముందొస్తే అలవాటు ప్రభావం ఫ్యాన్ ఖాతాలో పడుతుంది.

నైట్‌డ్యూటీ | గురువారం, ఉదయం 9:55

లిఫ్ట్ దగ్గర కూర్చునేట్టయితే ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య రండి. డ్యూటీలు మారే వేళ, ట్రేలు, స్ట్రెచర్లు, అటెండెంట్లు అందరూ ఒకేసారి ఎగబడతారు. మధ్యాహ్నం వస్తే ఖాళీ చేతులవాళ్లే కనపడతారు మీకు.